కాలిపోయిన చీర కట్టుకున్నామె

ముందే ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఏడుకొండలవాడి మీద ఒట్టు వెయ్యను. మా తిరుపతిలో ఆ ఒట్టుకు విలువ లేదు. ఆటో ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి వింటూనే ఉంటాం. నేను నా ఫ్యాన్సీ షాపు మీద వేస్తాను. గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో మా నాయన పెట్టి నాకు వదిలిపోయిన అంగడి అది. గాజులు, రిబ్బన్లు, పిన్నులు, పౌడర్లు, సవరాలు. నేను రాసిన దాంట్లో అబద్ధం ఉంటే అరల్లోని మట్టిగాజులన్నీ వాటంతట అవే పగిలిపోవాలి. నన్ను ఎరిగినవాళ్ళు నవ్వుతారని తెలుసు. నడకదారిలో చిరుతపులి ఎదురైతే నా చేతి పులిహోర తినిపించి పంపేశానని చెప్పినవాణ్ణి నేనే. అది వేరే సంగతి. ఇది వేరు.

మొన్న ఒక కాలేజీ అమ్మాయి అంగడికి వచ్చి, ముడి లోపల పెట్టే స్పాంజి అడిగింది.

"సవరం గాదు అంకుల్. గుండ్రంగా ఉంటాది సూడండి, పాత ఫొటోల్లో అవ్వోళ్ళు పెట్టుకునేది. ఇప్పుడు అదే ఫ్యాషను. వింటేజ్ అంటారు."

ఈ కాలంలో ఆ సరుకు ఎవరూ అడగరు. అటక మీద ఒక పెట్టె మిగిలి ఉందని గుర్తొచ్చి, నిచ్చెన వేసుకుని దించాను. ఆ పిల్ల నా అద్దం ముందే నిలబడి, జుట్టెత్తి, స్పాంజి పెట్టి, పిన్నులు గుచ్చి, ముడి కట్టేసి, "ఎట్లుండాది అంకుల్" అంటూ తిరిగింది. నేను కౌంటరు బల్ల పట్టుకున్నాను.

"ఏమైంది అంకుల్?"

"బీపీ" అన్నాను. నాకు బీపీ లేదు.

ఆ పెట్టెలో సరుకంతా ఒకే మనిషి కోసం మద్రాసు నుంచి తెప్పించేవాణ్ణి. ఆమె పోయిన కార్తీకంలో చనిపోయింది. పేరు రాయను. పేరు పెట్టి పిలిస్తే, ఎంత దూరంలో ఉన్నా ఆగి వెనక్కి తిరిగి చూసే అలవాటు ఆమెకు. ఇప్పుడు ఆ అలవాటును పరీక్షించే ధైర్యం నాకు లేదు.

మా అంగడి పైన మేడమీద రెండు గదుల్లో ఉండేది. టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా చేసి రిటైరైంది. నేను లాగూలు వేసుకునే రోజుల నుంచి నాకు తల నెరిసేదాకా ఆమె వేషం మారలేదు. వేషం అన్న మాట ఆమెకు గిట్టదు, కాబట్టి మాట మారుస్తాను: ఆమె తీరు మారలేదు. బుట్టచేతుల రవికె. చుక్కలదో గళ్ళదో వాయిలు చీర, గాలికి ఎగిరేట్టు ఒంటిపొర పైట. రెండు కొసలూ పైకి లేచిన కళ్ళద్దాలు. గడియారం డయలు మణికట్టు లోపలి వైపుకు. ఎత్తు మడమల చెప్పులు. నెత్తిన, గుడి గోపురంతో పందెం వేసినట్టు, ముడి. జుట్టు తెల్లబడినా రంగు వెయ్యలేదు, ముడి ఎత్తు తగ్గించలేదు.

దూరం నుంచి చూస్తే ఇరవై ఏళ్ళ పిల్ల నడిచి వస్తున్నట్టు ఉండేది. దగ్గరికొస్తే ముసలామె. ఆ రెంటికీ మధ్య, వీధిలో ఎక్కడో ఒకచోట, ఆ పిల్ల ముసలిదయ్యేది. ఆ చోటు ఎక్కడో కనిపెట్టాలని నేను ఎన్నోసార్లు అంగడి గడపలో నిలబడి చూశాను. దొరకలేదు. నేను రెప్ప వేసినప్పుడే జరిగిపోయేది.

మనిషి కంటే ముందు వాసన వచ్చేది. మొదట కలరా ఉండలు, దాని వెనక పౌడరు, ఆ వెనక టక్కు టక్కుమని చెప్పులు, ఆఖరున ఆమె. కొన్ని రోజులు వాసన వచ్చేది, చెప్పుల చప్పుడు మెట్లు దిగి అంగడి ముందు నుంచి వెళ్ళిపోయేది, ఆమె మాత్రం వచ్చేది కాదు. అడిగితే "ఇయ్యాల ఒంట్లో బాగలేక పడుకున్నా నాయనా" అనేది.

టీ కొట్టు మునస్వామి ఒకసారి అన్నాడు: "దయ్యాలకు నీడ ఉండదంటారు గదప్పా. ఈమెకు నీడ గూడా బుట్టసేతులతోనే పడతాది సూడు."

దయ్యం అనుకునేంత దూరంగా ఉండే మనిషి కాదు. అంగడికి వస్తే స్టూలు లాక్కుని కూర్చునేది. మా వీధిలో 'చ'ను 'చ' అని పలికేది ఆమె ఒక్కతే; ట్రంకు కాల్సు కలిపే గొంతు అది, తేడా రాకూడదు.

"ఇన్నేండ్లుగా పాతవే కడతా ఉండావే అక్కా" అంటే, "పాతవి కావబ్బా. మీరంతా మార్చినారు, నేను మార్చలేదు. అంతే" అనేది.

"ఆ ఫ్యాషను పోయి ఎన్నాళ్ళైంది."

"పోనీ. అది పోతే నేనూ దాని ఎనకాలే పోవాల్నా?"

పెళ్ళెందుకు చేసుకోలేదని నా భార్య అడిగినప్పుడు తడుముకోకుండా జవాబిచ్చింది. "వచ్చినోళ్ళంతా బాగానే ఉండిరి. కూర్చొని కాఫీ తాగి, ముడి కొంచెం దించుకుంటే బాగుంటాది అనిరి. పెండ్లి కాకముందే నెత్తిమీదికి వచ్చినోడు, పెండ్లైనాక యాడికి వస్తాడో."

మాటల మధ్యలో ఒక్కోసారి తల ఎడమకు వంచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "లైన్లో ఉండండి" అని ఆగిపోయేది. ఎవరితో అనేదో తెలియదు. కాసేపు వినేది. తర్వాత "ఆ, చెప్పు" అని మళ్ళీ మనతో మొదలుపెట్టేది. ఆ కాసేపట్లో ఎవరిని ఎవరికి కలిపిందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మా వీధి చివర ఫొటో స్టూడియో ఉండేది. దాని అద్దాల బీరువాలో, పెళ్ళికూతుళ్ళ మధ్య, నలుపు తెలుపుల్లో ఒక ఫొటో. ఇరవై దాటిన ఆమె. అదే ముడి, అవే కళ్ళద్దాలు, అవే బుట్టచేతులు. సాయంత్రం పూట ఆమె ఆ అద్దం ముందు ఆగి ముడి సర్దుకునేది. ఫొటోలో పిల్ల మీద అద్దంలో ముసలామె సరిగ్గా వచ్చి కూర్చునేది, గీత పక్కకు పోకుండా. ఒక సాయంత్రం నేను ఆమె వెనకే వస్తున్నాను. ఆమె ముడి సర్దుకుని, పక్కకు తిరిగి, వెళ్ళిపోయింది. అద్దంలో చెయ్యి ఇంకా ముడి సర్దుతూనే ఉంది. నిజమేనా అని అడగకండి, ఒట్టేశాను కదా.

ఆమెకు నచ్చని పని ఒకటే. ఊళ్ళోకి దిగే యాత్రికుల్లో ఎవరో ఒకరు, కొండ మీద గుండు చేయించుకుని చందనం పూసుకున్న పెద్దమనిషి, ఆమెను చూసి టక్కున ఆగిపోయేవాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేవి. వాళ్ళమ్మ ఆల్బంలో అచ్చం అలాగే ఉంటుందట. ఒకాయన రోడ్డు మీదే ఆమె కాళ్ళు పట్టేసుకున్నాడు. ఆమె అతని ఏడుపు అయిపోయేదాకా కదలకుండా నిలబడి, "లే నాయనా. నేను మీ అమ్మను కాదు" అంది. అతను లేచి, కళ్ళు తుడుచుకుని, "మా అమ్మ గూడా ఇట్లే మాట్లాడేది" అన్నాడు. ఆ రోజు ఆమె మధ్యాహ్నం అన్నం తినలేదని నా భార్య చెప్పింది.

ఆమె చీరలన్నీ మా వీధికి కంఠతా వచ్చు. ఏ వారానికి ఏది కడుతుందో చూసి మునస్వామి వారం గుర్తు తెచ్చుకునేవాడు. కరోనా తగ్గిన తర్వాతి వేసవిలో ఒక ఉదయం ఆమె మెట్లు దిగి వచ్చింది, మేమెవ్వరం ఎన్నడూ చూడని చీరలో. పావురాయి రంగు వాయిలు, నల్ల చుక్కలు. పైట కొసకు జానెడు పైన ఎర్రదారంతో కుట్టిన మందారపువ్వు.

"కొత్తదా అక్కా?"

"నాదే" అంది. అడిగినదానికి అది జవాబు కాదు. పిన్నుల అట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

అప్పుడే ఎదురుగా ఇనుపంగడి రెడ్డెప్ప షట్టరు ఎత్తుతున్నాడు. నాతో బళ్ళో చదువుకున్నవాడు. మేకులూ గొలుసులూ అమ్మి అమ్మి మాటలు కూడా తూకమేసి ఇచ్చే మనిషి. ఆమెను చూసి షట్టరు సగంలో వదిలేశాడు, అది దభేలున పడింది. రోడ్డు దాటి నా దగ్గరకొచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"రేయ్. ఆ సీర సూస్తివా."

"సూసినాలే. బాగుండాది."

"అది మా అమ్మదిరా."

"అట్లాంటివి ఊరంతా ఉంటాయప్పా."

"ఆ పువ్వు కింద సిల్లు ఉంటాది. ఆ సిల్లు పెట్టింది నేను. సిన్నప్పుడు ఇస్త్రీపెట్టె దానిమీద పెట్టి మరిసిపోయినా. అమ్మ సీపురుకట్ట తీసుకొని నన్ను వీధంతా తరిమింది. ఆనక సిల్లు కనపడకుండా పువ్వు కుట్టినారు. పోయిన ఏడు అమ్మ పోయినప్పుడు అదే కట్టించినాము. అదే కట్టాలని ముందే సెప్పిపెట్టింది. నిప్పు పెట్టింది నేనే గదరా. నువ్వూ ఉంటివి."

ఉన్నాను. పావురాయి రంగు గుడ్డ అంటుకోవడం, చుక్కలు ముందు, పువ్వు తర్వాత మాయమవడం నేనూ చూశాను.

మధ్యాహ్నానికల్లా మాట టీ కొట్టు దాటింది. కాటికాపరి దగ్గర గుడ్డలు కొంటుందన్నారు. ఇన్నాళ్ళూ కట్టినవన్నీ అవేనన్నారు. ఆ కలరా ఉండల వాసన ఎందుకో ఇప్పుడు తెలిసిందన్నారు. ఆమె ఎదురొస్తే ఆడవాళ్ళు పిల్లల్ని కొంగు చాటుకు లాక్కున్నారు. నా అంగట్లో ఆమె ముట్టుకున్న రిబ్బను చుట్టను ఇంకెవరూ ముట్టలేదు.

చివరికి ఇంటి ఓనరమ్మ ఒక నైటీ చేతపట్టుకుని మేడెక్కింది. చెడ్డామె కాదు. నన్ను సాక్షిగా పిలుచుకుని పోయింది.

"మేడమా, నా మాట ఇనండి. ఈ సీరలన్నీ మూట గట్టి యాడన్నా పారేసెయ్యండి. అందరి మాదిరి ఈ నైటీ ఏసుకోండి, పైన తువ్వాలేసుకోండి. ఎవురూ ఏమీ అనరు. లేదంటే మా పిల్లోళ్ళు మిమ్మల్ని ఇల్లు కాళీ సేయించమంటా ఉండారు."

ఆమె నైటీని వెలుతురుకు పట్టి చూసింది. పూలది. మడత పెట్టి తిరిగి చేతికిచ్చింది.

"గుడ్డ బాగుండాది. ఇది ఏసుకొని రేపు ఆ మెట్లు దిగేది ఎవరమ్మా?"

"మీరే గదా."

"నేను కాదే."

ఓనరమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. లాడ్జీలకు తప్ప ఇళ్ళకు చోటు మిగలని ఊరిది. ఒంటరి ముసలి మనిషికి, అందులోనూ శ్మశానం గుడ్డల పేరు పడ్డ మనిషికి, ఇంకో గది ఎవరిస్తారు? చీరలు వదలాలి, లేదా ఇల్లు వదలాలి. నాకు ఇంత సులువుగా తోచిన లెక్క ఆమెకు లెక్కే కానట్టు కూర్చుంది.

అప్పుడు రెడ్డెప్ప కూడా మెట్లెక్కి వచ్చాడు. గడప దాటలేదు.

"అక్కా, ఆ ఒక్క సీర నాకిచ్చేయ్. మాట ఆడికి నిలిచిపోతాది. అందరికీ నేను సెప్పుకుంటా."

"ఇస్తే మీ అమ్మదని ఒప్పుకున్నట్టు. ఇయ్యను."

"మరి నీకు యాడిది?"

"నాది."

"యాడ కొంటివి? ఎవురిస్తిరి?"

ఆమె తల ఎడమకు వంచింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చాలాసేపు వింది. వీధిలో ఆటోల మోత కూడా తగ్గినట్టనిపించింది నాకు. తర్వాత చెయ్యి దించి, రెడ్డెప్పను చూసి, మెల్లగా అంది.

"కాణిపాకం పోదాం."

బయటి ఊళ్ళవాళ్ళకు చెప్పాలి. చిత్తూరు దగ్గర కాణిపాకం వినాయకుడు మాకు ప్రమాణాల దేవుడు. తలమీదుగా స్నానం చేసి, తడిబట్టలతో ఆయన ఎదుట నిలబడి ఒట్టేస్తే, మా జిల్లాలో ఎంతటి పంచాయితీ అయినా అక్కడితో ముగిసినట్టే. కోర్టులో నోరార అబద్ధమాడి వచ్చినవాడు కూడా అక్కడ ఆడడు. ప్రమాణానికి బయల్దేరినవాళ్ళలో సగంమంది బస్సులోనే నిజం ఒప్పుకుని దారిలో దిగిపోతారు.

మేం ముగ్గురం బస్సెక్కాం. ఆమె ఆ చీరే కట్టుకుంది. ముడి ఎన్నడూ లేనంత ఎత్తుగా వేసుకుంది. కండక్టరు కుర్రవాడు టిక్కెట్టు కొడుతూ, "షూటింగా మేడం?" అన్నాడు.

"కాదు నాయనా. ప్రమాణానికి."

ఆమె పక్క సీటు ఖాళీగా ఉన్నా ఆ బస్సులో ఎవరూ కూర్చోలేదు. చంద్రగిరి కోట దాటాం, పాకాల రోడ్డు దాటాం. ఎవరైనా ఒప్పుకుని దిగిపోతారేమోనని నేను ఇద్దరి మొహాలూ చూస్తూనే ఉన్నాను. ఎవరూ దిగలేదు.

ఆ వేసవి నీళ్ళకు కరువు. బయట కొళాయి కింద బకెట్టుతో పోసుకోమన్నారు. ఆమె కళ్ళద్దాలు, గడియారం, చెప్పులు, చేతిసంచి నాకిచ్చింది. ఒక బకెట్టుకు పౌడరు పోయింది. ఇంకోదానికి పిన్నులు ఊడి, ముడి జారి, స్పాంజి కింద పడి కాలువలో కొట్టుకుపోయింది. ఆ పైదానికి బుట్టచేతులు సొట్టపడి ఒంటికి అతుక్కున్నాయి.

తర్వాత అక్కడ నిలబడి ఉన్న మనిషి ఎవరో నాకు తెలియలేదు. తెల్లటి తడిజుట్టు, చిన్న మొహం. ఏ ఊరి ముసలామె అయినా కావచ్చు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రోజూ చూసిన మనిషి నా కళ్ళెదుటే ఎటో వెళ్ళిపోయింది. ఆమెవి కొన్ని వస్తువులు మాత్రం నా చేతుల్లో ఉన్నాయి, వెచ్చగా. తడిసిన చీర లోంచి కలరా ఉండల వాసన రాలేదు. నీళ్ళు చల్లి ఆర్పిన పొయ్యి వాసన వచ్చింది.

రెడ్డెప్ప ఆమె మొహాన్నే చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత మెట్టు మీద కూలబడ్డాడు.

"మా అమ్మ గాదు" అన్నాడు.

గెలిచినవాడి గొంతు కాదది. సంతలో పిల్లను పోగొట్టుకున్నవాడి గొంతు.

"అమ్మే వచ్చిందనుకున్నా అక్కా. నిన్ను తిట్టాలని గాదు. రోజూ షట్టరు ఎత్తేటప్పుడు నువ్వు పోతా ఉంటే సూసుకుంటా బతికేద్దామనుకున్నా. అమ్మనేరా అని ఆ ఒక్క మాట నీ నోట వస్తే సాలనుకున్నా." మొహం తుడుచుకున్నాడు. "ప్రమాణం వద్దులే. ఇంటికి పోదాం పద."

"వద్దంటే ఎట్ల? తడిసినాను కదా."

లోపలికి నడిచింది. చెప్పులు లేని ఆ నడకలో చప్పుడు లేదు. దేవుడి ఎదుట చేతులు జోడించి, ట్రంకు కాలు కలిపే ఆ స్పష్టమైన గొంతుతో, చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూసేట్టు చెప్పింది.

"నేను నేనే. ఈ కట్టు నాది, ఈ ముడి నాది. ఎవరి కాష్టం లోంచీ ఏదీ తీసుకోలేదు. ఎవరి తల్లినీ కాను. ఈ మాట అబద్ధమైతే ఈ తడిగుడ్డ నా ఒంటిమీద ఆరకూడదు."

ఆ దేవుడి ముందు అప్పులకూ గట్టు తగాదాలకూ మొగుడూ పెళ్ళాల అనుమానాలకూ ఒట్లు వేసినవాళ్ళున్నారు. నేను నేనే అని ఒట్టేసిన మనిషిని ఆయన అంతకు ముందు చూసి ఉండడు.

బయటికొచ్చి నాలుగడుగులు వేసేసరికి చీర ఆరిపోయింది. నా పంచె అంచు, ఆమె మీది నీళ్ళు చిందినంత మేర, ఇంకా తడిగానే ఉంది. మెట్టు దిగుతూ ఆమె తూలితే పట్టుకోబోయి ఆ గుడ్డ ముట్టుకున్నాను. ఎండకు ఆరిన గుడ్డలా లేదు. పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన పెనం పక్కన పెట్టినట్టుంది.

గుడి బయట అరుగు మీద కూర్చుని జుట్టు చుట్టుకుంటూ, ఆమె రెడ్డెప్పను దగ్గరికి పిలిచింది. పైట కొస తిప్పి పట్టింది.

"చూడు. పువ్వు కింద చిల్లు ఉండాదా?"

చిల్లు లేదు.

"ఇది నేను సోకుకు కుట్టుకున్న పువ్వు. మీ అమ్మ ట్రంకు కాలు మాట్లాడేదానికి మా ఆఫీసుకు వచ్చేది. నా చీర చూసి, అదే తానులోది ఎదికి ఎదికి కొనుక్కునింది. నువ్వు చిల్లు పెట్టినాక ఏడ్చుకుంటా నా దగ్గరికే వచ్చింది, అక్కా, నీ మాదిరే నాకూ ఒక పువ్వు కుట్టీ అని. కుట్టిచ్చినా. మీ అమ్మ ఒక్కతే కాదు నాయనా. మీ ఆల్బాల్లో అమ్మలు ఉండారే, అందరూ నా కిటికీ ముందు నిలబడి నన్ను పైనుంచి కిందిదాకా చూసిపోయినోళ్ళే. నేను మీ అమ్మల మాదిరి ఉండానని మీరు ఏడుస్తారు. వాళ్ళే నా మాదిరి ఉండినారు."

రెడ్డెప్ప పువ్వును వేలితో ముట్టుకున్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు, ముక్కు ఎగబీల్చుకుంటూ.

తిరిగొచ్చాక వీధి దారికొచ్చింది. కాణిపాకం పోయొచ్చిన మనిషిని మా దగ్గర ఎవరూ ఏమీ అనరు. ఓనరమ్మ ఆ నైటీ తనే వేసుకుంది. మునస్వామికి వారాలు మళ్ళీ గుర్తుకొచ్చాయి. రెడ్డెప్ప పొద్దున షట్టరు ఎత్తుతూ "బాగుండావా అక్కా" అనేవాడు. ఆమె ఆగి, వెనక్కి తిరిగి, "బాగుండా" అని పోయేది. ఆ పావురాయి రంగు చీర మాత్రం మళ్ళీ కట్టలేదు. తనను పంపేటప్పుడు అదే కట్టాలని ఓనరమ్మకు చెప్పిపెట్టింది.

కార్తీకంలో ఒక ఉదయం, చెప్పుల చప్పుడు మెట్లు దిగి అంగడి ముందు నుంచి వెళ్ళింది. తలెత్తి చూస్తే ఎవరూ లేరు. ఒంట్లో బాగలేదేమోనని ఓనరమ్మను పైకి పంపాను. కుర్చీలో కూర్చుని ఉందట, ముడి వేసుకుని, గడియారం పెట్టుకుని.

అయినవాళ్ళెవరూ లేరు. రెడ్డెప్ప వచ్చి, "నిప్పు నేను పెడతా" అన్నాడు. ఎవరూ ఎందుకని అడగలేదు. ఆడవాళ్ళు ఆ చీరే కట్టారు. బుట్టచేతులు ఇస్త్రీ చేసి తొడిగారు. స్నానానికి విప్పిన ముడి మళ్ళీ వెయ్యాలి; నా అంగట్లోంచి కొత్త స్పాంజి తీసుకెళ్ళి ఇచ్చాను. చాలా ఎత్తుగానే కుదిరింది. శ్మశానంలో తల ఆనడానికి ఒక కట్టె పక్కకు తీయాల్సి వచ్చింది.

ఇక ఒప్పుకోవాలి. ఒట్టేసి మొదలుపెట్టిన దీంట్లో ఒక్కచోట కల్పించాను. మీరు అనుమానిస్తున్న చోటు అది కాదు. అద్దంలో చెయ్యి నిజం, పొయ్యి వాసన నిజం, చీర ఆరిపోవడం నిజం. గుడి బయట అరుగూ, తిప్పి చూపిన పైటా, ఒకే తానులో రెండు చీరలూ, ఆ వివరణంతా నాది. ఆమె ఏమీ వివరించలేదు. నేను నేనే అని దేవుడికి చెప్పి, వచ్చి బస్సెక్కి కూర్చుంది. ఆ చివరి మాట, వాళ్ళే నా మాదిరి ఉండినారన్నది, ఎప్పుడో నా అంగట్లో స్టూలు మీద కూర్చుని అన్నది. దాన్ని పట్టుకుని మిగతాది అల్లాను.

తిరుగు ప్రయాణమంతా రెడ్డెప్ప నా భుజం మీద తల పెట్టి, "ఎట్లరా, మరి ఎట్ల" అని అడుగుతూనే వచ్చాడు. తల్లీ దొరకలేదు, జవాబూ దొరకలేదు. అట్లాంటి మనిషిని ఇంటికి ఎట్లా పంపేది? నాకు చేతనైన పని ఒకటే. నువ్వు టీ తాగను పోయినప్పుడు ఆమె నాకు సెప్పిందిరా అని మొదలుపెట్టి, ఆఫీసూ కిటికీ తానూ అన్నీ చెప్పాను. పైట తిప్పి చూశాను, పువ్వు కింద చిల్లు లేదు అని కూడా చెప్పాను. ముందు సీట్లో ఆమె తల ఎడమకు వంచి అంతా వింది. కాదనలేదు.

శ్మశానంలో రెడ్డెప్ప కుండ భుజాన పెట్టుకుని చుట్టూ తిరుగుతున్నాడు. అటువైపు వెళ్ళాడు కదా అని, వంగి, పైట కొస తిప్పాను.

చిల్లు ఉంది. ఇస్త్రీపెట్టె ముక్కంత. అంచులు మాడి ఉన్నాయి.

కొస సర్దేసి దూరంగా జరిగాను. రెడ్డెప్పకు అవి రెండు చీరలు, ఒక్కోటీ ఒక్కోసారి కాలింది, అలా నమ్మే నిద్రపోతున్నాడు. నేను మాత్రం ఆ రోజు ఒకే చీర రెండోసారి కాలడం చూశాను. అది రెండోసారే అని కూడా చెప్పలేను.